కారులో కీ తిప్పితేనే వచ్చే కరెంటు: కనిపెట్టడం ఎలా, కలపడం ఎలా

డ్యాష్‌క్యామ్, జీపీఎస్, రివర్స్ కెమెరా, ఫోన్ చార్జర్... కారులో కొత్తగా ఏది బిగించాలన్నా మొదటి ప్రశ్న ఒకటే. దీనికి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? చేతికి ముందుగా అందిన వైరును గీకి, దానికి ఇంకో వైరు చుట్టి, పైన టేపు వేస్తే వస్తువు పని చేస్తుంది. పని చేసింది కదా అని డబ్బులిచ్చి ఇంటికి వచ్చేస్తారు. అసలు సంగతి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. పొద్దున్నే పిల్లలను బడికి దింపాలనో, ఆస్పత్రికి వెళ్లాలనో కీ తిప్పితే 'టక్ టక్' మని చప్పుడు తప్ప సెల్ఫ్ తీసుకోదు. రాత్రంతా ఆ వస్తువు బ్యాటరీని తాగుతూనే ఉంది.

ఇది చిన్న నష్టం. ఫ్యూజ్ లేకుండా కలిపిన వైరు డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడైనా ఇనుముకు రాసుకుంటే పొగ, మంట వస్తాయి. నష్టం చిన్నదైనా పెద్దదైనా జాగ్రత్త ఒక్కటే. కీ తిప్పినప్పుడు మాత్రమే వచ్చి, కీ తీయగానే పోయే కరెంటును సరిగ్గా కనిపెట్టి, దానికి సొంత ఫ్యూజ్ పెట్టి కలపాలి. పని కష్టమైనది కాదు, ఓపిక మాత్రం కావాలి. సొంతంగా చేసుకునే వారికి, మెకానిక్ చేత చేయించుకునే వారికి ఇద్దరికీ ఈ వివరాలు పనికొస్తాయి.

కారులో కరెంటు ఎన్ని రకాలు

మామూలు పెట్రోల్, డీజిల్, సీఎన్జీ కార్లలో ఉండేది 12 వోల్టుల డీసీ కరెంటు. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుల మీదుగా వస్తువుకు చేరి, కారు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళుతుంది. ప్లస్ వైపు వచ్చే సరఫరా మూడు రకాలు.

మొదటిది ఎప్పుడూ ఉండే కరెంటు. కీ జేబులో ఉన్నా, కారు వారం రోజులు నిలబడి ఉన్నా ఇది వస్తూనే ఉంటుంది. హజార్డ్ లైట్లు, హారన్, సెంట్రల్ లాక్, లోపలి లైటు దీని మీదే నడుస్తాయి. జర్మన్ పద్ధతి వైరింగ్ పటాల్లో దీన్ని 30 అనే అంకెతో చూపిస్తారు.

రెండోది ఏసీసీ, అంటే యాక్సెసరీ కరెంటు. కీని మొదటి మెట్టుకు తిప్పగానే వస్తుంది. పాటల సెట్టు, చాలా కార్లలో చార్జింగ్ సాకెట్ దీని మీదే ఉంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేస్తున్న ఆ రెండు మూడు సెకన్లు ఇది ఆగిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు రేడియో ఒక్క క్షణం మూగబోయేది అందుకే.

మూడోది ఇగ్నిషన్ కరెంటు. కీని రెండో మెట్టుకు, అంటే మీటర్‌లో లైట్లన్నీ వెలిగే చోటికి తిప్పితే వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతున్నప్పుడు కూడా ఆగదు. పటాల్లో దీని అంకె 15. బాడీ ఎర్త్ అంకె 31, స్టార్టర్ మోటారుకు వెళ్లే వైరు అంకె 50.

డ్యాష్‌క్యామ్, చార్జర్, జీపీఎస్ లాంటి వాటికి రెండోది గానీ మూడోది గానీ సరిపోతుంది. ఆ రెండిట్లో ఏసీసీ మేలు, ఎందుకంటే ఇంజిన్‌కూ బ్రేకులకూ సంబంధించిన ఫ్యూజులు ఎక్కువగా ఇగ్నిషన్ వైపే ఉంటాయి.

పుష్ బటన్ కార్లలో ఈ మెట్లు కనిపించవు. బ్రేక్ పెడల్ గానీ, గేర్ల కారైతే క్లచ్ గానీ తొక్కకుండా బటన్ ఒకసారి నొక్కితే చాలా కార్లలో ఏసీసీ, రెండోసారి నొక్కితే ఇగ్నిషన్ ఆన్, మూడోసారి నొక్కితే ఆఫ్. కొన్ని కొత్త మోడళ్లలో ఏసీసీ మెట్టు విడిగా ఉండదు. కారుతో ఇచ్చిన పుస్తకం ఒకసారి చూసుకోవాలి.

రెండు రోజుల్లో బ్యాటరీ ఎందుకు డౌన్ అవుతుంది

లెక్క చాలా సులువు. చిన్న పెట్రోల్ కార్లలో సాధారణంగా ఉండే బ్యాటరీ 35 యాంపియర్ అవర్లది. ఒక డ్యాష్‌క్యామ్ 12 వోల్టుల దగ్గర దాదాపు 0.3 యాంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. రోజుకు 24 గంటలు అంటే 7.2 యాంపియర్ అవర్లు. కారు సొంత కంప్యూటర్లు, అలారం, గడియారం నిలబడి ఉన్నప్పుడు కూడా కొద్దిగా తాగుతాయి. అది సాధారణంగా 0.05 యాంపియర్ల లోపే ఉండాలి. అన్నీ కలిపితే రోజుకు 8 యాంపియర్ అవర్ల దాకా పోతుంది.

రెండు రోజుల్లో 16, అంటే బ్యాటరీలో దాదాపు సగం. సగం ఖాళీ అయిన బ్యాటరీ, అందులోనూ మూడేళ్ల పాతదైతే, సెల్ఫ్ మోటారును తిప్పలేకపోవచ్చు. పైగా కారు బ్యాటరీలు పదేపదే బాగా ఖాళీ అయ్యేందుకు తయారైనవి కావు. నాలుగైదు సార్లు పూర్తిగా డౌన్ అయితే తర్వాత ఎంత చార్జ్ చేసినా మునుపటి బలం రాదు. తప్పు వైరు ఎంచుకున్నందుకు కట్టే మూల్యం కొత్త బ్యాటరీ.

అవసరమైన సామాన్లు

ముందుగా ఒక డిజిటల్ మల్టీమీటర్. ఇళ్లలో వైరింగ్ పని చేసే వారి దగ్గర ఉండే మామూలుదే చాలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. దానితోపాటు 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఫ్యూజ్ ట్యాప్, కొన్ని విడి ఫ్యూజులు, వైరు చివరికి బిగించే రింగ్ థింబుల్స్, వాటిని నొక్కే క్రింపింగ్ ప్లయర్, బట్ట టేపు ఉండాలి.

ఇంట్లో కరెంటు చూసే నియాన్ టెస్టర్ ఇక్కడ పనికిరాదు. అది 230 వోల్టుల ఏసీ కోసం చేసింది. 12 వోల్టులకు అసలు వెలగదు.

మల్టీమీటర్ నాబ్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టాలి. ఎర్ర వైరు పిన్ను 'వోల్ట్' అని రాసిన రంధ్రంలో ఉండాలి. పొరపాటున '10 యాంపియర్' రంధ్రంలో ఉంచి వోల్టేజీ చూస్తే మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఫ్యూజ్ ఎగిరిపోతుంది, మీటర్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు. ప్రతిసారీ కొలిచే ముందు ఆ పిన్ను ఒక్కసారి చూసుకోవడం మంచి అలవాటు.

ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 దగ్గరుంటే దాదాపు సగం ఖాళీ అయినట్టు. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది. వెతుకులాట మొదలుపెట్టే ముందు బ్యాటరీ దగ్గర ఒకసారి కొలిస్తే, తర్వాత ఫ్యూజుల దగ్గర ఎంత రావాలో తెలిసిపోతుంది.

ఫ్యూజ్ బాక్స్ ఎక్కడుంటుంది, రంగులకు అర్థమేంటి

చాలా కార్లలో రెండు ఫ్యూజ్ బాక్సులు ఉంటాయి. ఒకటి బానెట్ కింద, బ్యాటరీకి దగ్గర్లో. ఇంకొకటి లోపల, డ్యాష్‌బోర్డు కింద డ్రైవర్ మోకాళ్ల దగ్గర గానీ, గ్లవ్ బాక్స్ వెనక గానీ. కొత్త వస్తువులకు లోపలి బాక్సే మంచిది. వాన నీరు, ఇంజిన్ వేడి అక్కడికి చేరవు. ఏ ఫ్యూజ్ దేనిదో మూత లోపలి వైపు గానీ, కారు పుస్తకంలో గానీ రాసి ఉంటుంది.

ఫ్యూజ్ రంగును బట్టి దాని సామర్థ్యం తెలుస్తుంది. బూడిద రంగు 2 యాంపియర్లు, ఊదా 3, లేత గోధుమ 5, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, ఆకుపచ్చ 30. పైన అంకె కూడా అచ్చువేసి ఉంటుంది. అనుమానం వస్తే అంకెనే నమ్మాలి.

సైజులు కూడా వేరువేరుగా ఉంటాయి. పాత కార్లలో పెద్ద బ్లేడ్ ఫ్యూజులు, తర్వాతి వాటిలో మినీ, కొత్త వాటిలో పొట్టి మినీ, మైక్రో రకాలు. ఫ్యూజ్ ట్యాప్ కొనేటప్పుడు కారులోని ఫ్యూజ్ ఒకటి పట్టుకెళ్లి దుకాణంలో చూపిస్తే సైజు తప్పదు. మినీ ట్యాప్‌ను పెద్ద బ్లేడ్ గూటిలో బలవంతంగా దోపితే అది వదులుగా కూర్చుంటుంది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి గూడు ప్లాస్టిక్ కరుగుతుంది.

వెతికే పద్ధతి: మూడుసార్లు చూడాలి

ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోవాలి. ఫ్యూజ్ పేరు, కీ తీసినప్పుడు, కీ తిప్పినప్పుడు, 20 నిమిషాల తర్వాత. ఈ కాగితమే పనిలో సగం.

1. మీటర్ నల్ల వైరును బాడీకి బిగించిన, రంగు లేని బోల్టుకు ఆనించాలి. ఎర్ర వైరు మొనను బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వచ్చే హజార్డ్ ఫ్యూజ్ మీద పెట్టి చూడాలి. 12 పైన వస్తే ఎర్త్ సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే వేరే బోల్టు వెతకాలి. ఈ పరీక్ష చేయకుండా ముందుకెళితే ప్రతి ఫ్యూజూ 'కరెంటు లేదు' అనే చూపిస్తుంది.

2. ప్రతి బ్లేడ్ ఫ్యూజ్ వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి. ఫ్యూజ్ పీకకుండానే వాటిని తాకి కొలవొచ్చు. కీ పూర్తిగా తీసేసి, ఒక్కో ఫ్యూజ్ చూసుకుంటూ పోవాలి. 12 వోల్టులు చూపించినవి ఎప్పుడూ ఉండే కరెంటువి. సున్నా చూపించినవి మనకు కావలసిన జాబితాలోకి వస్తాయి.

3. ఇప్పుడు కీని ఏసీసీకి తిప్పి, సున్నా చూపించినవన్నీ మళ్లీ చూడాలి. కొత్తగా 12 వచ్చినవి ఏసీసీవి. తర్వాత ఇగ్నిషన్ ఆన్‌కు తిప్పితే కొత్తగా వచ్చినవి ఇగ్నిషన్‌వి.

4. చాలా మంది ఇక్కడితో ఆపేస్తారు, తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. కొత్త కార్లలో కీ తీసిన తర్వాత కూడా కొన్ని సరఫరాలు కొన్ని నిమిషాలు ఆగకుండా ఉంటాయి. తలుపు తెరిస్తే కొన్ని ఆగుతాయి, కొన్ని అదే తలుపు తెరవడంతో మళ్లీ మేలుకుంటాయి. అందుకే ఎంచుకున్న ఫ్యూజ్ దగ్గర మీటర్‌ను ఉంచి, కీ తీసి, తలుపులన్నీ మూసి, కారు లాక్ చేసి 20 నిమిషాలు ఆగాలి. అద్దంలోంచి మీటర్ అంకె కనిపించేలా పెట్టుకుంటే తలుపు తీయాల్సిన పని ఉండదు. అప్పుడు కూడా సున్నా ఉంటేనే ఆ ఫ్యూజ్ పనికొస్తుంది.

5. చివరగా టెస్ట్ ల్యాంప్. మల్టీమీటర్ చాలా సున్నితమైనది. అసలు బలం లేని చిన్న లీకు వోల్టేజీని కూడా అంకెగా చూపించి మోసం చేస్తుంది. ల్యాంప్ వెలగాలంటే నిజంగా కరెంటు పారాలి. కీ ఆన్‌లో ల్యాంప్ నిండుగా వెలిగి, ఆఫ్‌లో పూర్తిగా ఆరితే ఆ ఫ్యూజ్ ఖాయం చేసుకోవచ్చు. అయితే ఈ ల్యాంప్‌ను ఫ్యూజ్ బాక్స్‌లోనే, అదీ కింద చెప్పిన నిషేధ జాబితాలో లేని ఫ్యూజుల మీదే వాడాలి. కంప్యూటర్ల నుంచి వచ్చే సన్నని సిగ్నల్ వైర్ల మీద పెడితే వాటికి నష్టం జరగొచ్చు.

ముట్టుకోకూడని ఫ్యూజులు

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంపు, హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు. వీటిలో ఏదీ కొత్త వస్తువుకు ఆధారం కాకూడదు. ఒక చార్జర్‌లో షార్ట్ వచ్చి ఫ్యూజ్ పోతే పాటలు ఆగిపోవచ్చు. హైవే మీద స్టీరింగ్ బిగుసుకుపోకూడదు.

ఎయిర్‌బ్యాగ్ వైర్లు సాధారణంగా పసుపు రంగు కవరులోనో, పసుపు కనెక్టర్లతోనో ఉంటాయి. వాటికి టెస్ట్ ల్యాంప్ గానీ మీటర్ గానీ ఆనించకూడదు. చిన్న కరెంటుకు కూడా బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. పక్క అద్దాల మీద కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో డ్యాష్‌క్యామ్ వైరును ముందు స్తంభం వెంట దించేటప్పుడు బ్యాగ్ వెనక నుంచి తీయాలి. బ్యాగ్ ముందు నుంచి తీస్తే ప్రమాద సమయంలో అది తెరుచుకునే దారికి అడ్డమవుతుంది.

క్యాబ్‌లుగా నడిచే వాహనాల్లో ప్రభుత్వ నిబంధన ప్రకారం పెట్టే ఏఐఎస్-140 ట్రాకర్ వైర్లను, ప్యానిక్ బటన్ వైర్లను కూడా కదిలించకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి ప్రాణాంతకమైన హై వోల్టేజీవి. ఆ కార్లలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుంది కానీ, పని మాత్రం ఆ కార్లు తెలిసిన వారికే అప్పగించాలి.

మరి ఏవి మంచివి? చార్జింగ్ సాకెట్, పాటల సెట్టు, వెనక వైపర్, పక్క అద్దాలు తిప్పే మోటారు లాంటివి. అయితే పేరు చూసి తీర్మానించకూడదు. కొన్ని కార్లలో సాకెట్‌కు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పాటల సెట్టుకు చాలా కార్లలో రెండు సరఫరాలు ఉంటాయి, ఒకటి నిరంతరం, ఒకటి కీతో. పేరు దారి చూపుతుంది, తీర్పు మీటరే చెప్పాలి.

ఫ్యూజ్ ట్యాప్ ఎటు తిప్పి పెట్టాలి

ఫ్యూజ్ ట్యాప్ అంటే ఒక గూటిలోంచి రెండు ఫ్యూజులు నడిపే చిన్న ప్లాస్టిక్ ముక్క. కాళ్లకు దగ్గరగా ఉన్న గూట్లో కారు పాత ఫ్యూజ్, అదే అంకెది, పెట్టాలి. ఇంకో గూట్లో కొత్త వస్తువు ఫ్యూజ్. కొత్త వైరు ఆ రెండో ఫ్యూజ్ దాటి బయటికి వస్తుంది.

దీన్ని ఎటు తిప్పి దోపినా వస్తువు పని చేస్తుంది. అందుకే చాలా చోట్ల తిరగబడి ఉంటుంది. సరైన పద్ధతి ఇది. ఫ్యూజ్ పీకి, కీ ఆన్ చేసి, ఖాళీ గూటిలోని రెండు చీలికలను విడివిడిగా కొలవాలి. 12 చూపించేది కరెంటు వచ్చే వైపు, సున్నా చూపించేది వస్తువుకు వెళ్లే వైపు. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు కరెంటు వచ్చే వైపు కూర్చోవాలి. అప్పుడు ఏ ఫ్యూజ్ బరువు ఆ ఫ్యూజే మోస్తుంది. తిరగేస్తే కొత్త వస్తువు కరెంటు కూడా పాత ఫ్యూజ్ మీదుగానే పోయి దానికి భారమవుతుంది.

సరిగ్గా పెట్టారో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. బిగించాక పాత ఫ్యూజ్ మాత్రం పీకేసి కీ ఆన్ చేయాలి. కొత్త వస్తువు ఇంకా పని చేస్తుంటే దిశ సరైనదే. ఆగిపోతే ట్యాప్‌ను తిప్పి పెట్టాలి.

ఫ్యూజ్ కాలికి వైరు చుట్టి గూటిలో గుచ్చడం మన దగ్గర బాగా కనిపించే పద్ధతి. దానితో రెండు నష్టాలు. గూడు వెడల్పై పట్టు వదులవుతుంది. కొత్త వైరుకు సొంత ఫ్యూజ్ ఉండదు. ఇక పోయిన ఫ్యూజ్ చోట రాగి తీగో, సిగరెట్ పెట్టె రేకో పెట్టడం అంటే మంటకు తలుపు తెరిచి పెట్టడమే. ఎక్కువ అంకె ఫ్యూజ్ వేయడం కూడా దాదాపు అలాంటిదే. ఫ్యూజ్ కాపాడేది వస్తువును కాదు, వైరును. 10 యాంపియర్ల వైరుకు 30 ఫ్యూజ్ వేస్తే ఫ్యూజ్ కన్నా ముందు వైరే కాలుతుంది.

ఎర్త్ సంగతి

కొత్తగా బిగించినవి ఆగి ఆగి పని చేస్తుంటే ముందుగా అనుమానించాల్సింది ఎర్త్‌నే. నల్ల వైరుకు రింగ్ థింబుల్ నొక్కి, బాడీ ఇనుములోకి నేరుగా వెళ్లిన బోల్టు కింద బిగించాలి. ప్లాస్టిక్ ముక్కను పట్టుకున్న స్క్రూ, పెయింట్ ఉన్న చోటు పనికిరావు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌ను, సీటు బెల్టును, స్టీరింగ్‌ను పట్టుకున్న బోల్టులను విప్పకూడదు.

ఎంత బరువు వేయొచ్చు

వస్తువు ఎన్ని వాట్లదో చూసి 12తో భాగిస్తే యాంపియర్లు వస్తాయి. 5 వోల్టులు, 2 యాంపియర్ల చార్జర్ అంటే 10 వాట్లు. 12 వోల్టుల వైపు అది ఒక యాంపియర్ కూడా తీసుకోదు. 2 లేదా 3 యాంపియర్ల ఫ్యూజ్ చాలు. 30 వాట్ల ఫాస్ట్ చార్జర్ 3 యాంపియర్ల దగ్గర తీసుకుంటుంది. దానికి 5 ఫ్యూజ్ వేయాలి.

టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్, యాంప్లిఫయర్, అదనపు ఫాగ్ లైట్లు మాత్రం ఫ్యూజ్ ట్యాప్ మీద నడపకూడదు. వాటికి రిలే కావాలి. రిలేలో నాలుగు కాళ్లు ముఖ్యం. 85, 86 అంకెల కాళ్ల మధ్య చిన్న కాయిల్ ఉంటుంది. 86కు కీతో వచ్చే కరెంటు, 85కు ఎర్త్ ఇవ్వాలి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా లావు వైరు, 87 నుంచి వస్తువుకు. కీ తిప్పగానే కాయిల్ లాగి 30, 87లను కలుపుతుంది. కీతో వచ్చే వైరు మీద పడేది కాయిల్ బరువు మాత్రమే, దాదాపు 0.15 యాంపియర్లు. అసలు బరువు బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు మోస్తుంది. ఆ లావు వైరుకు ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. వస్తువు దగ్గర పెడితే మధ్యలోని వైరంతా రక్షణ లేకుండా ఉంటుంది.

డ్యాష్‌క్యామ్ కిట్‌లో మూడు వైర్లు ఎందుకు

పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్‌ల హార్డ్‌వైర్ కిట్‌లో మూడు వైర్లు వస్తాయి. ఎక్కువ వాటిలో పసుపు నిరంతర కరెంటుకు, ఎరుపు ఏసీసీకి, నలుపు ఎర్త్‌కు. రంగు కన్నా వైరు మీద అంటించిన చీటీనే నమ్మాలి. ఎర్ర వైరులో కరెంటు ఆగగానే కెమెరా కారు ఆపారని గ్రహించి పార్కింగ్ పద్ధతికి మారుతుంది, పసుపు వైరు మీద నడుస్తుంది. బ్యాటరీ ఒక హద్దు దాటి పడిపోతే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఈ కిట్లలో ఉంటుంది. ఆ హద్దును 12.2 దగ్గర గానీ అంతకన్నా పైన గానీ పెట్టుకుంటే పొద్దున సెల్ఫ్‌కు ఢోకా ఉండదు.

కొత్త మ్యూజిక్ సిస్టమ్‌లో కూడా ఇదే సూత్రం. పసుపు నిరంతరం, ఎరుపు కీతో, నలుపు ఎర్త్. ఎరుపు, పసుపు తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ సెట్టు తన జ్ఞాపకాలన్నీ మరిచిపోతుంది. రెండింటినీ కలిపి నిరంతర కరెంటుకే ఇస్తే బ్యాటరీ డౌన్ అవుతుంది. కొత్త సెట్టు పెట్టించాక ఈ రెండు లక్షణాల్లో ఏది కనిపించినా కారణం వెతుక్కోనక్కర్లేదు.

డ్రైవర్ మోకాలి దగ్గర ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే జీపీఎస్ ముక్కల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది. కారు చాలా రోజులు నిలిపి ఉంచేటప్పుడు ఆ ముక్కను పీకి పెట్టాలి.

మెకానిక్ చేత చేయిస్తుంటే అడగాల్సినవి

అందరూ మీటర్ పట్టుకోనక్కర్లేదు. కానీ పని అప్పగించే ముందు నాలుగు మాటలు అడిగితే మంచిది. భాయ్, ఏ ఫ్యూజ్ నుంచి తీస్తున్నారు? ఫ్యూజ్ ట్యాప్ వాడతారా, వైరు గీకుతారా? కొత్త వైరుకు ఎన్ని యాంపియర్ల ఫ్యూజ్ వేస్తున్నారు? ఎర్త్ ఎక్కడ బిగిస్తారు? పని తెలిసిన ఎలక్ట్రీషియన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, చూపించి మరీ చెబుతాడు. పని పూర్తయ్యాక కారు లాక్ చేసి, అరగంట తర్వాత వెళ్లి వస్తువు లైటు ఆరిందో లేదో కళ్లారా చూసుకోవాలి.

వారంటీలో ఉన్న కారైతే ఇంకో సంగతి కూడా ఉంది. బయట చేయించిన వైరింగ్ మార్పుల వల్ల వచ్చిన నష్టాలకు కంపెనీలు సాధారణంగా వారంటీ ఇవ్వవు. వైరు కోయకుండా ఫ్యూజ్ ట్యాప్‌తో చేసిన పనిని మళ్లీ విప్పి, కారును మునుపటిలా చేయొచ్చు. గీకిన వైరును మునుపటిలా చేయలేం.

ఉమ్రాకు, హజ్‌కు వెళ్లే వారికి

అన్నీ సరిగ్గా ఉన్న కారు కూడా చాలా రోజులు నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. హజ్ కమిటీ ద్వారా వెళ్లే వారికి ప్రయాణం దాదాపు 40 రోజులు. కారు తన సొంతానికి 0.02 యాంపియర్లే తీసుకున్నా 40 రోజులకు 19 యాంపియర్ అవర్లు పోతాయి. 35 బ్యాటరీలో సగానికి పైనే. 0.05 అయితే 48, బ్యాటరీలో ఉన్నదానికన్నా ఎక్కువ. గల్ఫ్ నుంచి ఏడాదికోసారి వచ్చే వారి కార్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఎవరైనా వారానికి ఒకసారి కారును అరగంట నడిపితే అదే మంచిది. అలా కుదరకపోతే బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి పెట్టాలి. ఎప్పుడూ మైనస్‌నే ముందు విప్పాలి, తిరిగి పెట్టేటప్పుడు దాన్నే చివర బిగించాలి. ప్లస్‌ను ముందు విప్పుతుంటే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి. విప్పాక రిమోట్ పని చేయదు కాబట్టి తలుపు తీయడానికి మామూలు తాళంచెవి దగ్గర ఉంచుకోవాలి. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లలో, డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే, విప్పాక దాన్ని మూయకూడదు. తిరిగి కలిపాక గడియారం, ఆటో విండోలు మళ్లీ సెట్ చేసుకోవాల్సి రావచ్చు.

చివరిగా, ఆ కాగితం

వెతికేటప్పుడు రాసుకున్న కాగితాన్ని పారేయకూడదు. ఏ గూటి నుంచి ఏ వస్తువుకు వైరు వెళ్లింది, ఎన్ని యాంపియర్ల ఫ్యూజ్ వేశారు, ఎర్త్ ఎక్కడుంది, ఏ తేదీన చేశారు అన్నవి రాసి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల గానీ కారు పుస్తకంలో గానీ పెట్టాలి. రేపు రాత్రిపూట దారిలో ఏదైనా ఆగిపోతే వెతికే మెకానిక్‌కు అది దారి చూపుతుంది.

కారు అమ్మే రోజున ఆ కాగితం కొనేవారి చేతికి ఇవ్వాలి. అమ్మే వస్తువులోని లోపాన్ని దాచకూడదని దీన్ నేర్పిన మాట సంతలోని సరుకుకే కాదు, డ్యాష్‌బోర్డు వెనక కనపడని వైరుకు కూడా వర్తిస్తుంది. ఆ కారులో రేపు ఎక్కేది ఇంకొకరి భార్యాపిల్లలు.